నాటకం పీరియడు తీసేయించిన వైనం

లెక్కల మాస్టారు స్టాఫు మీటింగులో నోరు విప్పగా చూసినవాళ్లు ఆ బడిలో లేరు. క్లాసులో ఆయన గొంతు పక్క వీధి దాకా వినిపించేది. పిల్లల ముందు పులి. పెద్దవాళ్లు నలుగురు కుర్చీల్లో కూర్చుని తన వంక చూస్తే మాత్రం నాలుక పిడచకట్టుకుపోయేది. ఒకసారి హెడ్మిస్ట్రెస్ "మీరేమంటారు మాస్టారూ?" అని అడిగితే లేచి నిలబడి, గ్లాసెడు నీళ్లు తాగి, "అంతే" అని కూర్చున్నారు. ఏది అంతేనో ఇవాళ్టికీ ఎవరికీ తెలియదు.

అలాంటి మనిషి ఒకరోజు సాయంత్రం వంటింటి గుమ్మంలో నిలబడి, "నలుగురిలో మాట్లాడటం నాకు నేర్పుతావా?" అని భార్యను అడిగారు.

ఆవిడ అదే బడిలో నాటకాల టీచరు. పిల్లల చేత నాటకాలు వేయించడం, కథలు చెప్పించడం ఆవిడ పని. పెళ్లయిన కొత్తలోనే మొగుడికి మాట్లాడటం నేర్పుదామని చూసి, ఇది అయ్యే పని కాదని తేలాక ఊరుకుంది. ఇప్పుడు ఆయనే వచ్చి అడిగేసరికి ఉల్లిపాయలు తరుగుతున్న చెయ్యి ఆగిపోయింది.

"ఎందుకండీ, ఇప్పుడేమొచ్చింది?"

"వచ్చే మీటింగులో మాట్లాడాలి. ఇన్‌స్పెక్టరు ఏమని రాశాడో విన్నావుగా."

ఆ సంగతి బడంతా విన్నది. ఇన్‌స్పెక్టరు వచ్చి ఆరో తరగతి పిల్లల చేత ఒక పేజీ చదివించబోతే సగంమంది మొదటి లైను దగ్గరే చతికిలబడ్డారు. భాగహారం చెయ్యమంటే జవాబు పైకప్పు మీద ఎవరో రాసిపెట్టినట్టు అటే చూస్తూ నిలబడ్డారు. హెడ్మిస్ట్రెస్‌కు తల కొట్టేసినట్టయింది. ఏం చేస్తే బాగుపడతామో అందరూ ఆలోచించుకుని రండి అని టీచర్లకు చెప్పింది.

"సరే, ఏం చెబుదామనుకుంటున్నారు?"

"విషయం నా దగ్గరుంది. దాని జోలికి నువ్వు రాకు. మాట్లాడటం ఒక్కటీ నేర్పు చాలు."

నిజానికి ఆవిడకూ విషయంతో పనిలేదు. గొంతు ఎక్కడ పెంచాలి, ఎక్కడ తగ్గించాలి, ఎక్కడ ఆగి ఎవరి కళ్లలోకి చూడాలి, ఇదంతా ఏ మాటలకైనా ఒకటేనని ఆవిడ నమ్మకం. "అయితే నోటికొచ్చింది ఏదో ఒకటి చెప్పండి," అంది. మాస్టారి నోటికొచ్చింది పదిహేడో ఎక్కం.

ఆ వారమంతా వంటింట్లో పదిహేడో ఎక్కమే. ఒకరోజు కోపంగా, ఒకరోజు జాలిగా, ఒకరోజు ఎవరికో రహస్యం చెబుతున్నట్టు. పక్క గదిలో కుట్టుమిషను ముందు కూర్చున్న మాస్టారి తల్లి పని ఆపి మరీ వచ్చి వినేది. ఆవిడ కోడలి నాటకాలకు దుస్తులు కుడుతుంది. వేషం ఎవరు కట్టినా దుస్తులు మాత్రం ఆవిడవే, అందుకని ప్రతి నాటకానికీ ముందు వరసలో కూర్చుని చప్పట్లు తనకే అన్నట్టు తల ఊపుతుంది. ఆ సాయంత్రం మాస్టారు "పదిహేడు ఆర్లు..." అని ఆగి, తల దించి, మళ్లీ మెల్లగా ఎత్తి, "నూటరెండు" అనేసరికి ముసలావిడ కళ్లొత్తుకుంది.

"మీ నాన్న పోయిన కబురు కూడా నాకెవరూ ఇంత బాధగా చెప్పలేదురా," అంది.

మీటింగు రోజున మాస్టారు నీళ్ల గ్లాసు ముట్టుకోకుండా లేచారు. టీచర్లంతా ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆయన మెల్లగా మొదలుపెట్టారు. చదవడం రాని పిల్లవాడు రేపు బస్సు బోర్డు ఎలా చదువుతాడన్నారు. లెక్క రాని పిల్ల రేపు కొట్లో చిల్లర ఎలా సరిచూసుకుంటుందన్నారు. అక్కడ ఆగి, డ్రాయింగు మాస్టారి కళ్లలోకి చూశారు. డ్రాయింగు మాస్టారికి కళ్లు చెమ్మగిల్లాయి. "గోడలు లేవలేదు," అన్నారు మాస్టారు. మళ్లీ ఆగారు. "మనం రంగులు వేస్తున్నాం."

హెడ్మిస్ట్రెస్ చేతిలో కలం కింద పెట్టేసింది.

"పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు వచ్చేదాకా డ్రాయింగూ సంగీతమూ నాటకమూ ఆపేద్దాం. ఆ పీరియడ్లన్నీ చదువుకీ లెక్కలకీ ఇద్దాం. ఇది నా మనవి."

చప్పట్లతో గది దద్దరిల్లింది. అందరికంటే గట్టిగా కొట్టింది డ్రాయింగు మాస్టారే. ఏం విన్నాడో అప్పుడు బుర్రకెక్కి, రెండు చేతులూ గాల్లో ఉండగానే ఆగిపోయాడు.

వెనక వరసలో కూర్చున్న నాటకాల టీచరు ఆ మాటల అర్థమేమిటో పట్టించుకోనే లేదు. మొగుడు సరిగ్గా ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతున్నాడా, గొంతు కడుపులోంచి వస్తోందా, ఇదే చూస్తూ పెదవులు కదుపుతూ కూర్చుంది. అందరూ వెనక్కి తిరిగి తన వంక జాలిగా ఎందుకు చూస్తున్నారో కాసేపు అర్థంకాలేదు. పక్కన కూర్చున్న సంగీతం టీచరు చెవిలో చెప్పింది.

"మీ ఆయన మన పీరియడ్లు తీసేయించాడు."

"చాలా బాగా చెప్పారు కదా," అంది ఆవిడ, ఇంకా ఆ ఊపులోనే. తర్వాత మొహం మారింది.

హెడ్మిస్ట్రెస్ అక్కడికక్కడే ఒప్పేసుకుంది. ఇంత చక్కగా చెప్పినదాన్ని కాదనడానికి ఎవరికీ నోరు రాలేదు.

ఇంటికొచ్చాక గొడవ జరుగుతుందని మాస్టారు సిద్ధపడే ఉన్నారు. గొడవేమీ జరగలేదు. ఆవిడ కంచం పెట్టి, "భోజనానికి రండి సార్," అంది.

బడిలో నలుగురి ముందూ 'సార్' అనడం మామూలే. ఇంట్లో అనడం అదే మొదలు.

"ఇంట్లో సార్ ఏమిటి?"

"కూర చాలా సార్, ఇంకాస్త వెయ్యమంటారా సార్?"

మాస్టారు తల్లి వంక చూశారు, కాస్త ఆదుకోమన్నట్టు. ముసలావిడ కుట్టుమిషను దగ్గర పాత కర్టెనుతో కుడుతున్న రాజుగారి అంగీ ఎత్తి చూపించింది. దానికి ఒక్క చెయ్యే ఉంది.

"రెండో చెయ్యి కుట్టనా, మాననా? అది చెప్పు. నీ పెళ్లాం పీరియడ్లు తీసేయమని చెప్పడానికి దాని దగ్గరే నేర్చుకున్నావట కదరా."

"అమ్మా, నేను మాట్లాడింది పీరియడ్ల గురించి. మనుషుల గురించి కాదు."

"పీరియడ్లు మన ఇంట్లో వంట చెయ్యవురా," అంది తల్లి.

ఆ సోమవారం నుంచి నాటకాల టీచరుకు ఆరో తరగతిలో చదవడం రాని పిల్లలను అప్పగించారు. వాళ్లకు రోజూ చదవడం నేర్పాలి. ఆ గుంపులో మొదటి బెంచీలో దర్జాగా కూర్చున్న పిల్లను చూసి ఆవిడ ఆశ్చర్యపోయింది. అది బడంతా 'మహారాజు' అని పిలిచే పిల్ల. మూడేళ్లుగా ఏ నాటకంలోనైనా రాజు వేషం దానిదే. అది సింహాసనం మీద కూర్చుని కనుబొమ్మ ఎత్తితే ముందు వరసలో పెద్దవాళ్లు కూడా సర్దుకుని కూర్చునేవారు. పేజీలకు పేజీల మాటలు ఒక్క అక్షరం తప్పకుండా చెప్పే పిల్ల.

"నువ్విక్కడ ఎందుకే? ఎవరో పొరపాటున రాసుంటారు," అంది టీచరు. "సరే, ముందు నువ్వే చదువు. వీళ్లు విని నేర్చుకుంటారు."

మహారాజు పుస్తకం అందుకుంది. పేజీ వంకా, పైనున్న బొమ్మ వంకా ఒకసారి చూసింది. తర్వాత వెన్ను నిటారుగా పెట్టి చదవడం మొదలుపెట్టింది. అబ్బ, ఏం చదువు. గుర్రం మీద ఎవరో దూసుకొస్తున్నారు, గాలి వీస్తోంది, వంతెన విరిగిపోతోంది. క్లాసు నోళ్లు తెరుచుకుని వింటోంది. టీచరు కూడా కళ్లు మూసుకుని విన్నది. వంతెన దగ్గర ఆ పిల్ల ఆపిన ఆపు ఉంది చూశారూ, అలా ఆపమని తను ఎప్పుడూ చెప్పలేదు.

చదవడం అయ్యాక టీచరు ఆ పుస్తకం తీసుకుంది. పాఠం పేరు 'పళ్లు తోముకోవడం'. బొమ్మలో ఒక కుర్రాడు, కిటికీ, కిటికీ అవతల దూరంగా ఒక గుర్రం ఉన్నాయి.

మిగతా పిల్లలు బయటికి వెళ్లాక ఆవిడ ఆ పిల్లను దగ్గర కూర్చోబెట్టుకుంది. "ఈ మొదటి మాట ఏమిటి?"

మహారాజు మళ్లీ బొమ్మలో గుర్రం వంక చూసింది.

"పోనీ మొదటి అక్షరం?"

పిల్ల కాళ్లు ఊపడం మానేసింది. "మీరు చెప్పండి టీచర్, నేను పట్టేస్తాను. ఎప్పుడూ అలాగే కదా."

"కాగితం మీద చూస్తే ఏమవుతుంది?"

"మీరు చెబితే ఏ మాటకామాట దాని మొహం వేసుకుని వస్తుంది. కాగితం మీద అన్నీ ఒకే మొహంతో కూర్చుంటాయి. ఎవరు ఎవరో తెలీదు."

టీచరు పుస్తకం మూసేసింది. మూడేళ్లు ఈ పిల్లకు మాటలన్నీ నోటితో చెప్పి నేర్పింది. ఒక్కసారి విని అప్పజెప్పేస్తుంటే మురిసిపోయింది. ఒక్కనాడూ కాగితం చేతికిచ్చి చదవమనలేదు. అంటే మొగుడు చెప్పింది నిజమేనా? గోడ లేకుండానే తను ఇన్నాళ్లూ రంగులు వేసిందా? ఈ సంగతి ఇంట్లో చెబితే ఆయన ఎలా తలూపుతాడో ఆవిడకు ముందే కళ్లకు కట్టింది. అందుకని చెప్పలేదు. ఆ రోజు నుంచి మధ్యాహ్నం బెల్లు కొట్టగానే తన టిఫిను డబ్బా పట్టుకుని ఖాళీ గదిలో కూర్చుని మహారాజుకు అక్షరాలు నేర్పడం మొదలుపెట్టింది. రాజ్యాలేలిన పిల్ల 'ప'కూ 'వ'కూ తేడా తెలియక చెమటలు కక్కింది.

ఇక మాస్టారి సంగతి. ఆయన తన మనవి నెగ్గినందుకు రెండు రోజులు సంతోషించారు. మూడో రోజు కొత్త టైంటేబులు నిదానంగా చదువుకుంటే, తీసేసిన పీరియడ్లలో చాలామటుకు వచ్చి తన నెత్తినే పడ్డాయని తెలిసింది. పొద్దున లెక్కలు, టీ తాగాక లెక్కలు, భోజనం అయ్యాక లెక్కలు, ఇంటి బెల్లుకు ముందు మళ్లీ లెక్కలు. మధ్యాహ్నానికల్లా పిల్లల కళ్లు తెరిచే ఉండేవి కానీ లోపల ఎవరూ ఉండేవారు కాదు.

"ఒక బుట్టలో ముప్పై పళ్లున్నాయి," అని మాస్టారు మొదలుపెట్టారో లేదో, వెనక బెంచీ నుంచి ఒకడు, "ఆరు, సార్," అన్నాడు.

"ప్రశ్న పూర్తి కాలేదురా."

"పర్లేదు సార్. మీరు చివరికి ఎక్కువగా ఆరే అంటారు."

మాస్టారు గొంతు పెంచారు. పెంచిన కొద్దీ పిల్లలు ఇంకాస్త లోపలికి వెళ్లిపోయారు. ఇంకా పెంచారు. ఒకరోజు 'భాగహారం' అనబోతే 'భా' దగ్గరే గొంతు ఆగిపోయింది. మిగతాది గాలిగా బయటికొచ్చింది.

డాక్టరు నోట్లో టార్చిలైటు వేసి చూసి, గొంతు పూర్తిగా వాచిపోయిందనీ, మూడు వారాల దాకా గుసగుస కూడా పనికిరాదనీ చెప్పాడు. మాస్టారు సెలవు చీటీ పట్టుకుని హెడ్మిస్ట్రెస్ దగ్గరికి వెళ్లారు.

"సెలవా? శుక్రవారం ఇన్‌స్పెక్టరు మళ్లీ వస్తున్నాడు," అంది ఆవిడ. "లెక్కలన్నీ మీ చేతుల్లో పెట్టించుకుని ఇప్పుడు సెలవంటే ఎలా? మాట్లాడకుండా చెప్పండి. అంత పెద్ద మీటింగును ఒప్పించినవారు, పిల్లలకు ఒక భాగహారం చెప్పలేరా?"

దీనికి జవాబు చెప్పడానికి ఆయన దగ్గర గొంతు లేదు. వెనక్కి తిరిగి వచ్చేశారు. బోర్డు మీద రాసి చెబుదామని చూస్తే, ఆయన వీపు తిప్పగానే క్లాసు సంతలా తయారైంది. డస్టరుతో బల్ల మీద కొడితే సుద్దపొడి లేచి దగ్గొచ్చింది.

ఇంట్లో పరిస్థితి మరీ కష్టం. వేడినీళ్లు కావాలని సైగ చేస్తే తల్లి గొడుగు తెచ్చిచ్చింది. కాదని చేతులు ఊపితే కిటికీ మూసింది. ఇదంతా వంటింట్లోంచి చూస్తున్న భార్య చివరికి ఉండబట్టలేక బయటికొచ్చింది.

"చేతులు అలా ఆడిస్తే ఎవరికి అర్థమవుతుంది సార్? ముందు ఆ గ్లాసు మీ చేతిలో ఉందని మీరు నమ్మాలి. వేడిగా ఉంటే వేళ్లు ఎలా పట్టుకుంటాయి? అలా పట్టుకోండి."

మాస్టారు లేని గ్లాసును వేళ్ల కొసలతో పట్టుకుని, ఊదుకుంటూ, చిన్న గుక్క తాగారు.

"ఓహో, వేడినీళ్లు," అని తల్లి లోపలికి వెళ్లింది.

మాస్టారు భార్య వంక చూశారు. ఆ చూపును ఆవిడ గుర్తుపట్టింది. వంటింటి గుమ్మంలో నిలబడి అడిగినప్పటి చూపు.

"ఈసారి విషయం ముందు చెప్పాలి," అంది ఆవిడ.

విషయం భాగహారంలో మిగిలేది. ఇరవై మూడు రొట్టెలు, ఐదుగురు మనుషులు. తలా నాలుగు పోను మూడు మిగులుతాయి. ఆ మిగిలిన మూడింటిని ఏం చెయ్యాలో తెలియకే పిల్లలు పైకప్పు వంక చూస్తారని మాస్టారు రాసి చూపించారు. ఆవిడ కొంగు బిగించింది. ఆయన్ను రొట్టెల కొట్టు యజమానిని చేసింది. తను, అత్తగారు, మూడు కుర్చీలు కలిసి ఐదుగురు కొనేవాళ్లు.

మాస్టారు లేని గంప ఎత్తుకొచ్చి దించారు.

"కొబ్బరికాయలా?" అంది తల్లి.

"రొట్టెలండీ అవి. అంత బరువుగా మోస్తే ఎలా? మెత్తగా ఉంటాయి, నలిగిపోకుండా పట్టుకోండి." ఆవిడ తెలియకుండానే 'సార్' మరిచిపోయింది. "ఆఁ, పంచండి. అందరికీ ఒకేలా. ఆ కుర్చీకి తక్కువిచ్చారు, చూసుకోండి. ఇప్పుడు ఆ మూడూ మిగిలాయి. వాటి వంక చూడండి."

ఎలా చూడాలని మాస్టారు కనుబొమ్మలు ఎగరేశారు.

"ఎవరికీ చెందవు, పారెయ్యలేరు. మీటింగులో చప్పట్లు ఆపేసి డ్రాయింగు మాస్టారు తన చేతులు తను చూసుకున్నాడే, అలా."

మాస్టారికి గొంతు లేకపోయినా నవ్వొచ్చింది. ఆవిడకూ వచ్చింది.

శుక్రవారం ఇన్‌స్పెక్టరు వచ్చాడు. మాటరాని మాస్టారి తరఫున ఏదైనా అడిగితే చెప్పడానికి ఎవరో ఒకరు ఉండాలని హెడ్మిస్ట్రెస్ నాటకాల టీచరును కూడా ఆరో తరగతి గదిలో నిలబెట్టింది. మాస్టారు లెక్కను ముందే బోర్డు మీద రాసి, ఐదుగురు పిల్లలను పిలిచి వరసలో నిలబెట్టి, వెళ్లి ఆ లేని గంప ఎత్తుకొచ్చారు.

క్లాసు కళ్లార్పలేదు. ఆయన గంప దించి, ఒక్కో రొట్టె తీసి, ఒక పిల్లవాడి చేతిలో పెట్టబోయి వేడికి వేళ్లు ఊదుకుంటే పిల్లలు ఘొల్లుమన్నారు. వెనక బెంచీ వాడు ఈసారి 'ఆరు' అనకుండా వేళ్లు మడుస్తూ లెక్కపెట్టాడు. పంచడం అయింది. మూడు మిగిలాయి. మాస్టారు వాటి వంక చూశారు. ఒకటి ఎత్తి మొదటివాడికి ఇవ్వబోయి, మిగతా నలుగురి మొహాలు చూసి, మళ్లీ గంపలో పెట్టేశారు.

"ఇవ్వకూడదు సార్, మిగతావాళ్లు ఊరుకోరు," అంది మహారాజు లేచి నిలబడి. "తలా నాలుగు. మూడు మిగిలిపోయాయి. అవి గంపలోనే ఉండాలి."

ఇన్‌స్పెక్టరుకు ముచ్చటేసింది. "బాగా చెప్పావమ్మా. ఏదీ, బోర్డు మీద ఉన్న లెక్క ఒకసారి చదువు."

నాటకాల టీచరు ఒక అడుగు ముందుకేసింది. మహారాజు ఒక్క క్షణం బోర్డు వంక చూసింది. తర్వాత వెన్ను నిటారుగా పెట్టింది.

"అనగనగా ఒక రాజ్యంలో ఒక రొట్టెల వర్తకుడు ఉండేవాడు. ఆయనకు ఐదుగురు కొడుకులు. ఐదుగురికీ ఒకరంటే ఒకరికి పడదు..."

ఇన్‌స్పెక్టరు కళ్లజోడు సవరించుకుని బోర్డు మీద కొడుకుల కోసం వెతికాడు. మూడో కొడుకు ఇల్లు వదిలి వెళ్లిపోతుండగా చెయ్యెత్తి ఆపాడు. "బోర్డు మీద ఇదంతా లేదే."

హెడ్మిస్ట్రెస్ కళ్లతోనే నాటకాల టీచరును బతిమాలింది, ఏదో ఒకటి చెప్పి గట్టెక్కించమని. ఆవిడకు చెప్పడం చేతకాక కాదు. ఇలాంటి చోట మాట అల్లడం ఆవిడకు చిటికెలో పని.

"ఈ అమ్మాయికి చదవడం రాదండీ," అంది. "మూడేళ్లు నా దగ్గర నాటకాలు వేసింది. రాదని నాకు మొన్ననే తెలిసింది. నేర్పుతున్నాను. సగం అక్షరాలు వచ్చాయి."

మాస్టారు ఉలిక్కిపడి భార్య వంక చూశారు. అందరూ ఆయన వంక చూశారు. నేను చెప్పలేదూ అనడానికి ఇంతకంటే మంచి అదను ఏ మొగుడికీ దొరకదు. ఆయన నోరు తెరిచారు కూడా. గాలి తప్ప ఏమీ రాలేదు. నోరు మూసుకుని, కాసేపు ఆ పిల్ల వంక చూశారు. తర్వాత రెండు చేతులూ పుస్తకంలా విప్పి, తన వంక వేలు చూపించుకుని, పెదవులు కదిపి, ఆ చేతిని పెదవుల దగ్గర నుంచి పిల్లల చెవుల దాకా తీసుకెళ్లారు. చివర తల దించుకున్నారు.

"ఏమంటున్నారు ఈయన?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

జవాబు చెప్పింది మహారాజే. "లెక్క ఎప్పుడూ సారే చదివి వినిపించేవారంటున్నారు. మా చేత చదివించలేదంట. అందుకని సారుకీ తెలీలేదంట." ఆగి, ఆయన మొహం చూసి, "బాధపడుతున్నారు," అని కూడా చెప్పింది.

ఇన్‌స్పెక్టరు తన పుస్తకంలో ఏదో రాసుకుని వెళ్లిపోయాడు. రెండు వారాల తర్వాత ఆయన రాసింది వచ్చింది. పిల్లలు చదవడంలో ఇంకా చాలా వెనకబడి ఉన్నారని ఒక పేజీ నిండా ఉంది. చివర ఒక్క మాట, లెక్కల తరగతి మాత్రం కళకళలాడుతోందని. హెడ్మిస్ట్రెస్ ముందున్నదంతా వదిలేసి ఆ ఒక్క మాటనే స్టాఫు గదిలో చదివి వినిపించింది. లెక్కలు కళకళలాడటానికి కారణం నాటకాల టీచరని అప్పటికి బడంతా పాకిపోయింది. వారానికి రెండుసార్లు నాటకం పీరియడు తిరిగొచ్చింది. దాని వెనకే సంగీతమూ డ్రాయింగూ చెరొకటి తెచ్చుకున్నాయి. ఈసారి డ్రాయింగు మాస్టారు అంతా విన్నాకే చప్పట్లు కొట్టాడు.

నాటకాల టీచరు మాత్రం పాతపద్ధతి మార్చేసింది. ఎవరి మాటలు వాళ్లు కాగితం చూసి చదివితేనే వేషం అంది. రాజు వేషానికి ఏకంగా ఎనిమిది పేజీల మాటలున్నాయి.

మాస్టారికి గొంతు తిరిగొచ్చిన రోజు సాయంత్రం ఇల్లంతా ఆయన మొదటి మాట కోసం చూసింది. ఆయన వేడినీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టి, "ఆ పిల్లను రాజు వేషం నుంచి తీసేశావట," అన్నారు.

"చదవడం వచ్చాక వేస్తుంది."

"వేషం లేకపోతే అది బడికే రాదు. బడికే రాకపోతే చదువెక్కడిది? ముందు స్టేజీ ఎక్కనివ్వు, తర్వాత నేర్పు."

"ఎక్కితే మళ్లీ చెవులతో పట్టేస్తుందండీ. నాకు తెలీదా? గోడలు లేవలేదు." ఆవిడ సరిగ్గా ఆయన ఆగినచోటే ఆగింది. "మనం రంగులు వేస్తున్నాం."

"మీటింగులో వంద అంటాం. ఆ పిల్ల మొహం చూశావా నువ్వు?"

"ఆ మొహం చూసే మూడేళ్లు మోసపోయాను."

ముసలావిడ అంగీ ఒళ్లో పెట్టుకుని ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఇంతకీ మీలో నాటకాల టీచరు ఎవర్రా?" అంది.

చివరికి మధ్యేమార్గంగా మహారాజుకు కాపలాదారు వేషం ఇచ్చారు. దానికి ఒకే ఒక్క వాక్యం. 'మహారాజా, బయట ఎవరో వచ్చారు.' కాగితం మీద వేలు పెట్టి, ఒక్కో అక్షరాన్నీ బయటికి లాగుతూ ఆ పిల్ల దాన్ని చదవడానికి చాలా రోజులు పట్టింది. చదివిన రోజున ఆ కాగితాన్ని బడంతా తిప్పి అటెండరుకు కూడా చదివి వినిపించింది. రాజు వేషం తరగతిలో అందరికంటే గడగడా చదివే కుర్రాడికి వచ్చింది. వాడు ఒక్క తప్పు లేకుండా చెప్పాడు. కాకపోతే రాజ్యం పోయిందన్నా, భోజనం తయారైందన్నా వాడి గొంతులో ఒకటే.

నాటకం రోజున తెర పక్కన టీచరు, ముందు వరసలో మాస్టారూ ఆయన తల్లీ ఉన్నారు. కాపలాదారు వచ్చింది. ఈటె నేలకు తాటించింది. హాలంతా సర్దుకుని కూర్చుంది.

"మహారాజా, బయట ఎవరో వచ్చారు," అంది. అక్షరం తప్పలేదు.

అక్కడితో వెళ్లిపోవాలి. వెళ్లలేదు. సింహాసనం మీద నిద్రమొహంతో ఉన్న రాజు వంక ఒకసారి చూసి, "వచ్చినవాడు తడిసిపోయి ఉన్నాడు మహారాజా. మూడు రోజులుగా ఏమీ తినలేదట. లోపలికి పంపమంటారా, లేక మీకు పడుకునే వేళయిందా?" అంది.

రాజు కాగితంలో లేని ఈ మాటలకు బిత్తరపోయి, జీవితంలో మొదటిసారి ఒక మొహం పెట్టాడు. జనం విరగబడి నవ్వారు. తెర పక్కన టీచరు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కోపమో నవ్వో ఆవిడకే తెలియలేదు.

నాటకం అయ్యాక మొగుడూ పెళ్లాం ఇద్దరూ కాపలాదారును నిలదీశారు.

"ఆ చివరి ముక్కలు ఎక్కడివే?" అంది టీచరు.

"కాగితంలో ఒక్కటే ఉంది టీచర్. తక్కువ రాశారు," అంది పిల్ల, మీసం ఊడబెరుక్కుంటూ. "వచ్చే ఏడు నేనే రాస్తాను, మొత్తం."

"రాయడం వచ్చా నీకు?" అన్నారు మాస్టారు.

"ఇంకా రాదు సార్. ఎప్పుడు నేర్పుతారు?"

"రేపు పొద్దున మొదటి పీరియడ్లో రా," అన్నారు ఇద్దరూ ఒకేసారి.

"రేపు మొదటి పీరియడు లెక్కలు," అన్నారు మాస్టారు భార్యతో.

"ఆ పీరియడు మొన్నటిదాకా నాది," అంది ఆవిడ.

పిల్ల మీసం జేబులో పెట్టుకుని కాసేపు ఇద్దరి వంకా చూసింది. వాళ్లు ఇప్పట్లో తెమిలేలా కనిపించకపోవడంతో, ఈటె గోడకు ఆనించి, ముఖం కడుక్కోవడానికి వెళ్లిపోయింది.